గోడ మీద ప్రెసిడెంటు నోరు

సోమవారం, నీళ్ళు కొట్టాక

గోడ రంగు: సంత వీధిలో పసుపు తిరిగింది, మిగతా వీధుల్లో పచ్చన. తడి: సరిపడా.

గోడ కాపరి రోజూ రాయవలసింది ఈ రెండు ముక్కలే. నాకు ముందు ఈ పని చేసినాయన ఉన్నంతకాలం ఆ రెండే రాసి హాయిగా రిటైరయ్యాడు. నాకు అలా చేతకాదు. ఒక మాట రాస్తే దాని తోక పట్టుకుని పది మాటలు వస్తాయి. ఎలాగూ దీన్ని చదివేవాళ్ళు లేరు కాబట్టి రాసుకుంటాను.

పొద్దున్నే గొట్టం భుజాన వేసుకుని సంత వీధికి వెళ్ళాను. ఎర్రవలసలో వీధులన్నీ రాతిని తొలిచి చేసినవే. గోడల నిండా నాచు, పరుపంత మందాన. మేం వదిలిన ఊపిరి అది తింటుంది, అది వదిలిన గాలి మేం పీలుస్తాం. తలుపు తీసుకుని బయటికి పోతే అంగారకుడి దుమ్ము తప్ప పీల్చడానికి ఏమీ ఉండదు. అందుకే గోడకి ఒంట్లో బాగాలేదంటే మా ఊళ్ళో అందరూ పసిబిడ్డకి జ్వరం వచ్చిన ఇంట్లోలా గొంతు తగ్గించి మాట్లాడతారు.

సంత వీధి గోడకి ఇప్పుడు ఆ జ్వరమే పట్టుకుంది. పెసల కోతలప్పటి నుంచి అక్కడక్కడ పసుపు మచ్చలు. మా ప్రెసిడెంటు పోలినాయుడుగారు అది చూసి, ఇంతమంది ఊపిరి మోసి మోసి గోడ అలిసిపోయిందని తేల్చారు. సంతని ఎత్తేసి పక్క వీధిలో పెట్టించారు. ఇక్కడ ఎవరూ నిలబడి కబుర్లాడకూడదన్నారు. ఫ్యాన్లు నెమ్మది చేయించారు. మా జనం మంచివాళ్ళు, ఆయన చెప్పనిది కూడా చేశారు. ఆ వీధిలోంచి వెళ్ళేటప్పుడు బుగ్గలు పూరించి, ఊపిరి బిగబట్టి, గబగబా నడిచిపోతారు. మలుపు తిరిగాక హమ్మయ్య అని వదులుతారు. గోడకి మా మర్యాద అది. నేనూ అలాగే నడుస్తాను. మచ్చలు మాత్రం పెరుగుతూనే ఉన్నాయి.

అలాంటి వీధిలో ఇవాళ ఒక బొమ్మ వెలిసింది.

నాచుని గీకి, లోపలి ఎర్రరాయి గీతలు గీతలుగా కనపడేట్టు వేశారు. ప్రెసిడెంటుగారు కుర్చీలో కూచుని నిద్రపోతున్నారు. తల వెనక్కి వాలింది. మీసాలు చెరో పక్కకీ జారాయి. నోరు మాత్రం నుయ్యిలా తెరుచుకుని ఉంది. ఆ నోట్లోకి రెక్కలున్న చిన్నదేదో దూరబోతోంది. మనిషి చెయ్యెత్తినా అందనంత ఎత్తులో ఉందంతా.

చూడగానే నవ్వు ఆగలేదు. బిగబట్టిన ఊపిరంతా ఒక్కసారే బయటికి పోయింది. తర్వాత కోపం వచ్చింది. ఆ నాచుని దువ్వి, తడిపి, పెంచింది నేను. పెంచినదాన్ని ఎవరో గీకేస్తే ముందు నవ్వానేమిటని నా మీద నాకే కోపం వచ్చింది.

మంగళవారం, నాచు దువ్వాక

రంగు: సంత వీధి నిన్నటిలాగే. తడి: సరిపడా.

ప్రెసిడెంటుగారు పిలిపించారు. అరుస్తారనుకున్నాను. అరవలేదు. నిద్రలో తన నోరు అలా ఉంటుందా అని కూడా అడగలేదు, ఆ సంగతి ఆయనకి ఎవరైనా ముందే చెప్పి ఉంటారు.

"ఇది బొమ్మ గొడవ కాదు, రత్నం. గాలి గొడవ" అన్నారు.

ఆయన మాటలో తప్పు పట్టడానికి లేదు. ఊరు పెట్టిన కొత్తలో ఒకడు, నాచు పచ్చడి ఒంటికి మంచిదని చెప్పి ఒక సందులో గోడంతా ఒలిచేశాడట. ఆ సందులో పడుకున్నవాళ్ళలో ఒకావిడ మళ్ళీ లేవలేదు. అప్పటినుంచి మా ఊరికి ఒకటే పెద్ద చట్టం. గోడ కోసినవాడికి గోడ లేదు. అంటే మూటా ముల్లే సర్దుకుని, ఓడలు దిగే మైదానం పక్కన ఉన్న రేకుల షెడ్లకి పోవాలి. అక్కడ గోడలుండవు, డబ్బాలో గాలే. పీలిస్తే నాలిక మీద తుప్పు రుచి తగులుతుందట. పలకరించేవాళ్ళు కూడా ఉండరు.

అంత ఎత్తున వేశాడంటే మంచు గనిలో పనిచేసే పొడుగు కుర్రాళ్ళలో ఎవడో అని ఆయన అనుమానం. పట్టుకునే పని నాకు అప్పజెప్పారు. వెళ్ళబోతుంటే వెనక్కి పిలిచి, నోట్లోకి వస్తున్న ఆ పిట్ట ఏమిటని అడిగారు. తెలియదన్నాను. బళ్ళో పిల్లలేమో అది డ్రోనని పందెం కాస్తున్నారు.

ఇంటికి వచ్చాను. మా అత్త దాలమ్మ అట్లు పోస్తోంది. మా ఆయన మంచు గనిలో ఉంటాడు, పండగలకి వస్తాడు. కాబట్టి ఇంట్లో ఆవిడా నేనే, మధ్యలో పొయ్యి. ఆవిడ అట్టు తిరగేస్తే అది కప్పు దాకా ఎగిరి, చుట్టూ చూసుకుంటూ తీరిగ్గా పెనం మీదికి దిగుతుంది. ఇక్కడ అన్నిటికీ బరువు తక్కువ కదా. భూమ్మీద ఉన్నప్పుడు ఆవిడకి మోకాళ్ళ నొప్పులట. ఇక్కడికి వచ్చాక మేకలా ఎక్కడపడితే అక్కడికి ఎక్కేస్తుంది.

అట్టు తుంచి నోట్లో పెట్టుకున్నాను. నాచు వాసన. అట్లకాడ తీసి చూశాను. అంచు చుట్టూ సన్నగా, పచ్చగా ఉంది.

అట్టు పూర్తిగా తిన్నాను. ఏమీ అడగలేదు. అడిగితే ఏం చెబుతుందో అని భయం వేసింది.

బుధవారం, గొట్టాలు కడిగాక

రంగు, తడి: నిన్నటిలాగే.

ఇవాళ అడిగేశాను. ఎటూ తేల్చుకోకుండా గోడ మీద పిల్లిలా కూచోవడం నాకు రాదు. పైగా ఇక్కడ నేను గోడ కాపరిని.

"అత్తా, ఆ రెక్కలున్నది ఏటి?"

ఆవిడ పప్పు రుబ్బుతోంది. తలెత్తలేదు. "ఈగ" అంది. "ఎవులూ పోల్చలేదేటి?" అని అడిగింది. ఆ గొంతులో పట్టుబడ్డానన్న బెరుకు లేదు. ఊరంతటికీ ఈగ తెలియకుండా పోయిందే అన్న బాధ ఉంది. నేను పుట్టింది ఇక్కడే. ఈగ అనే మాట ఆవిడ కథల్లోనే విన్నాను, ఎప్పుడూ చూడలేదు.

నేను గట్టిగా కోప్పడ్డాను. చట్టం గుర్తుచేశాను. రేకుల షెడ్ల మాట చెప్పాను. ఆవిడ చెయ్యి కడుక్కుని వచ్చి నా ఎదురుగా కూచుంది. వాళ్ళ నాన్న సిక్కోలు పక్క ఊరూరా తిరిగి గోడలకి సిమెంటు బస్తాల బొమ్మలూ, ట్రాక్టర్ల బొమ్మలూ వేసేవాడట. ఎన్నికలొస్తే పార్టీల గుర్తులు. ఆవిడ చిన్నప్పుడు రంగు డబ్బా పట్టుకుని నిచ్చెన కింద నిలబడేదట. తర్వాత తర్వాత నిచ్చెన మీదికి ఆవిడే ఎక్కేదట.

"కంపినీవోడు ఎయ్యమంటే అది పెకటన. పార్టీవోడు ఎయ్యమంటే పెచారం. ఎవులూ ఎయ్యమనకుండా నాకు నానే ఏత్తే గోడ పాడుసేసినట్టు. గోడ అదే, సెయ్యీ అదే. మరేటి తేడా?"

"ఆ గోడలు ఊపిరి తీసేవి కాదు అత్తా" అన్నాను.

ఆవిడ వేరు తెగకుండా పైపైనే గీకానని నెమ్మదిగా చెప్పింది. అది నిజమే, గీతల్లో వేళ్ళు అలాగే ఉన్నాయి. ఎందుకు వేశావని అడిగితే, వీధిలో నవ్వు వినపడి ఎన్నాళ్ళయిందో చెప్పమంది. ఆ వీధిలో సంత ఉన్నన్నాళ్ళూ ఆవిడ రోజూ పొద్దున్నే అక్కడ చేరేది, కొనేది ఏమీ లేకపోయినా. ఇప్పుడు అందరూ బుగ్గలు పూరించుకుని కప్పల్లా దాటిపోతున్నారు. ఒక్కడినైనా ఆపి నవ్వించాలనిపించిందట.

నిజం చెప్పాలంటే, షెడ్ల మాట నోటివెంట వచ్చినప్పుడు, ఈవిడ పోతే వంటిల్లు నాదే కదా అని ఒక పాడు ఆలోచన మెరిసింది. మరుక్షణమే ఆ ఖాళీ వంటిల్లు కళ్ళ ముందు కనపడింది. నాకు ఏడుపు వచ్చింది. పెళ్ళయిన నాటినుంచి నాతో రోజూ పోట్లాడే మనిషి కోసం ఏడవడమేమిటని చిరాకు కూడా వేసింది. ఆవిడ చూడకుండా ముఖం తిప్పుకున్నాను.

గురువారం, సభ అయ్యాక

రంగు: బొమ్మ అంచుల్లో కాస్త గోధుమ రంగు. తడి: సరిపడా.

నీళ్ళ ట్యాంకు దగ్గర ఊరి సభ పెట్టారు. ఆ బొమ్మ కళా, గోడకి చేసిన చెరుపా, తేల్చడానికి.

బడి నడిపే సన్యాసిరావు మేష్టారు కళ వైపు నిలబడ్డారు. ఆయన చెప్పింది చిన్న లెక్క. బొమ్మలో ఉన్నది ప్రెసిడెంటుగారు కాకపోతే ఆయనకి అవమానం జరగలేదు. ఆయనే అయితే, కళ్ళు మూసుకున్న మనిషిని కూడా ఊరంతా పోల్చగలిగారంటే అంత బాగా వేసినదాన్ని కళ కాదనడం ఎలా. జనం చప్పట్లు కొట్టారు. ప్రెసిడెంటుగారు తన నోరు అలా ఉండదన్నారు. అందరూ ఆయన భార్య వైపు చూశారు. ఆవిడ చీర కొంగుకి ఉన్న దారప్పోగు ఒకటి చాలా శ్రద్ధగా పీకుతూ కూచుంది.

నవ్వులు సద్దుమణిగాక ఆయన అసలు మాట అన్నారు. బాగా వేసినంతమాత్రాన కోసిన గోడ కోయనిది అయిపోదు, ముచ్చటగా ఉందని ఊపిరి తగ్గించుకుంటామా అన్నారు. గోడ కాపరిగా నేను ఆయన వైపే. కోడలిగా మాత్రం అత్తకి అడ్డంగా జరిగి కూచున్నాను.

అక్కడితో అయిపోయేదే. మేష్టారు ఊరుకోకుండా బొమ్మకి అర్థం చెప్పడం మొదలెట్టారు. ఆ రెక్కల పిట్ట స్వేచ్ఛకి గుర్తట. మూసేసిన ఈ ఊళ్ళోంచి ఆకాశంలోకి ఎగరాలన్న మనిషి ఆశట. మా అత్త కొంతసేపు పళ్ళు బిగబట్టింది. నేను ఆవిడ చెయ్యి గట్టిగా పట్టుకున్నాను. లాభం లేకపోయింది.

"పిట్ట కాదు, ఈగ" అంది.

తలలన్నీ ఆవిడ వైపు తిరిగాయి. ఈగని కళ్ళతో చూసినవాళ్ళు ఊళ్ళో నలుగురో ఐదుగురో మిగిలారు. వాళ్ళలో చెయ్యి వణక్కుండా గీత గీయగలిగేది ఎవరో అందరికీ తెలుసు. ప్రెసిడెంటుగారు, నీకెలా తెలుసు పెద్దమ్మా అని అడిగారు. చూస్తే తెలియడం లేదా అని ఆవిడ ఎదురడిగింది. పని తెలిసినవాళ్ళ రోగం ఇదే. తల పోయినా ఫరవాలేదు, ఈగని పిట్ట అంటే ఒప్పుకోరు.

తీర్పు ఇలా వచ్చింది. బొమ్మ చుట్టూ తాడు కట్టాలి. గోడకి ఇంకా అలుపు రాకుండా ఎవరూ దగ్గరికి పోకూడదు. ఇంకో పది రోజుల్లో వచ్చే పెద్ద సంత రోజున నేను అందరి ముందూ గోడ స్థితి చదవాలి. నాచు పూడుకుంటే సరే. చచ్చిపోతే, వేసినవాళ్ళు షెడ్లకి పోవాలి. వేసినవాళ్ళు అన్నప్పుడు ఆయన ఎవరి వైపూ చూడలేదు. ఆ మర్యాద మాత్రం చేశారు.

ఇంటికి వచ్చాక అత్త రెండు చీరలు మడతపెట్టి పక్కన పెట్టుకుంది. నేను వాటిని తీసుకెళ్ళి నీళ్ళలో నానేశాను.

ఆదివారం, బడి సందులో

రంగు: సంత వీధిలో బొమ్మ చుట్టూ గోధుమ రంగు పాకింది. బడి సందులో కారుపచ్చ. తడి: రెండు చోట్లా ఒకటే.

తాడు కట్టినప్పటినుంచి సంత వీధి గోడ ఇంకా పాడైంది. నేను రెండు పూటలా నీళ్ళు కొట్టాను, దువ్వాను, పక్కన నిలబడి బతిమాలాను కూడా. బతిమాలేటప్పుడు గోడకి ఇబ్బంది కలగకూడదని నోటికి గుడ్డ అడ్డం పెట్టుకున్నాను.

బడి సందులో వేరే గోల. ఈగ ఎలా ఉంటుందో తెలిశాక పిల్లలు గోళ్ళతో గోడ నిండా ఈగలు గీకారు. ఒకడి ఈగకి నాలుగు కాళ్ళు, ఒకత్తె ఈగకి జడ. వాటిని చూడ్డానికి ఊరంతా అక్కడే. ముసలాళ్ళకి పండగ. ఈగ ఎలా వాలుతుందో, చేతులు ఎలా రుద్దుకుంటుందో చేసి చూపిస్తున్నారు. ఒకాయన దోమ గురించి మొదలెడితే జనం కడుపు పట్టుకుని నవ్వుతున్నారు.

పిల్లల్ని తిడదామని వెళ్ళాను. నా కంటే ముందు వాళ్ళే వచ్చి నా మీద పడ్డారు. మొన్న వేసిన ఈగల్ని ఎవరో చెరిపేశారని ఫిర్యాదు. చూస్తే ఎవరూ చెరపలేదు. నాచు పూడుకుపోయింది. కొత్త నాచు, చెయ్యి పెడితే మెత్తగా, వేళ్ళు దిగిపోయేంత మందంగా ఉంది.

అక్కడే కూలబడ్డాను. అదే నాచు, అవే నీళ్ళు, దువ్వేది నేనే. తేడా ఒక్కటే. ఇక్కడ జనం నోళ్ళు తెరుచుకుని నవ్వుతున్నారు, అక్కడ మూసుకుని పోతున్నారు. గోడకి అలుపు రాలేదు. దానికి ఆకలేసింది. తిండి పెట్టకుండా మర్యాద చేశాం.

పరుగున వెళ్ళి ప్రెసిడెంటుగారికి చెప్పాను. ఆయన సాంతం విన్నారు. అత్తని కాపాడుకోవడానికి కోడలు కథ అల్లడం ఈ ఊళ్ళో ఇదే మొదటిసారి, అది మెచ్చుకోవాలి అన్నారు. తాడు మాత్రం తియ్యనన్నారు.

సోమవారం, మళ్ళీ ఆయన దగ్గరికి వెళ్ళొచ్చాక

రంగు: చెప్పుకునేట్టు లేదు. తడి: సరిపడా.

చెప్తే విననివాడికి చెప్పకుండా చెప్పాలి. రాత్రంతా ఆలోచించి, ఇవాళ మొహం వేలాడేసుకుని వెళ్ళాను. మీరు చెప్పిందే నిజం, గోడ అలిసిపోయింది, కానీ ఊరు మాత్రం మేష్టారి వైపు తిరిగిపోయింది, బొమ్మ ఎందుకు తప్పో వివరంగా చెప్పే మనిషే లేకపోయాడు అన్నాను. ఆయన కళ్ళలో వెలుగు వచ్చింది. పాపం, కబుర్లు నిషేధించినప్పుడు తన ఉపన్యాసాలు కూడా ఆపుకున్నారు. అంతకాలం మాట్లాడకుండా ఉన్న ప్రెసిడెంటుకీ, నీళ్ళు లేని నాచుకీ పెద్ద తేడా ఉండదు.

ఎక్కడ చెబితే బాగుంటుందని ఆయనే అడిగారు. బొమ్మని వేలెత్తి చూపిస్తూ, దాని ముందే నిలబడి చెబితేనే జనానికి ఎక్కుతుందన్నాను. గోడకి అలుపు రాదా అని సందేహించారు. మంచిమాటకి గోడ అలిసిపోదండీ అన్నాను. ఇంత అబద్ధం ఇంత సులువుగా ఆడగలనని నాకు ఈ వయసులో తెలిసింది.

తాడు విప్పించారు. పెద్ద సంత దాకా రోజూ సభే.

శుక్రవారం, సభ మధ్యలోంచి వచ్చి

రంగు: గోధుమ రంగు తగ్గింది. లేతాకుపచ్చ. తడి: సరిపడా.

ఊళ్ళో ఒక్కడు ఇంట్లో లేడు. కారణం ఉపన్యాసం కాదు. గోడ మీద తెరిచిన నోరు, దాని కింద తెరిచిన నోరు, రెండూ పక్కపక్కన చూసే అవకాశం మళ్ళీ రాదు. ఆయన "కళ అంటే ఏటి?" అని చెయ్యి పైకెత్తినప్పుడల్లా వేలు సరిగ్గా బొమ్మలోని ముక్కుకే గురి పెడుతుంది. జనం నవ్వు ఆపుకోలేరు. తన చమత్కారానికే నవ్వుతున్నారనుకుని ఆయన ఇంకో గంట లాగిస్తారు. ఉక్కపోత భరించలేక ఫ్యాన్లు కూడా జోరు చేశారు.

మా అత్త ముందు వరసలో కూచుని, ఆయన్ని మెచ్చుకుంటూ తలూపుతోంది. ప్రెసిడెంటు గొంతు బాగుందని, మాటలే బాగాలేవని నాతో అంది.

మేష్టారు ఇవాళ ఒక సంగతి కనిపెట్టి నా చెవిలో చెప్పారు. నోటి మూలల్లో నాచు చిగురించింది. మొన్నటికంటే నోరు చిన్నదైంది. ఆ తర్వాత ఆ గుసగుస వరసలన్నీ దాటింది. కింద నోరు తెరుచుకున్నకొద్దీ పైనున్న నోరు మూసుకుంటోందని తెలిశాక, నేను తప్ప ఉపన్యాసం మధ్యలో లేచి వెళ్ళేవాళ్ళే లేకపోయారు. ఇంకా చెప్పండి, ఇంకా చెప్పండి అని అడుగుతున్నారు. ఆయనకి కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

పెద్ద సంత రోజు

రంగు: పచ్చన. తడి: సరిపడా. కోత: కనపడలేదు.

అందరి ముందూ ఈ మూడు ముక్కలే చదివాను. అత్త ఇవాళ ఉతికిన చీర కట్టుకుని, మూట కొంగు చాటున పెట్టుకుని వచ్చింది. ఆ మూట నేను చూడలేదనుకుంది.

ప్రెసిడెంటుగారు గోడ దాకా నడిచారు. బొమ్మ ఉన్నచోట మెత్తటి నాచు తప్ప ఏమీ లేదు. దాని కింద గోడకి అరచెయ్యి ఆనించారు. అటు తిరిగి ఉండగానే నన్ను అడిగారు.

"అంటే దీన్ని మనమే పస్తు పెట్టినామా, రత్నం?"

అవునన్నాను. నేనూ పెట్టానన్నాను. గోడని కన్నబిడ్డలా చూస్తానని గొప్పలు చెప్పుకుని, దాని ముందు బుగ్గలు పూరించుకుని నడిచినదాన్ని. ఆయన్ని ఆటపట్టిస్తున్నానని వారమంతా లోలోపల నవ్వుకున్నాను గానీ, ఆ నిమిషంలో ఆయన మొహం చూస్తే నవ్వు రాలేదు. సిగ్గేసింది.

సంత మళ్ళీ ఈ వీధికే వచ్చింది. కోత లేదు కాబట్టి కోసినవాళ్ళూ లేరు. చట్టానికి ఒక తోక మాత్రం తగిలించారు. వేరు తెగకుండా ఎవరైనా బొమ్మ వేసుకోవచ్చు. కానీ నాచు పూడేదాకా జనాన్ని దాని ముందుకి రప్పించే పూచీ వేసినవాళ్ళదే. జనం వచ్చి నిలబడితే అది కళ. ఎవరూ రాకపోతే చెరుపు. మేష్టారికి ఈ నిర్వచనం నచ్చలేదు, అందరికీ నచ్చినది ఇట్టే చెరిగిపోయి ఎవరూ చూడనిది ఎప్పటికీ ఉండిపోతుందేమిటని ఇంటికెళ్ళేదాకా గొణిగారు.

మూట విప్పి చీరలు మళ్ళీ దండెం మీద వేశాను. అత్త చెయ్యి పట్టుకుని, నువ్వు పోతే నేను ఉండలేకపోయేదాన్నని చెప్పాను. ఆవిడ నా చెయ్యి వదిలించుకుని, అట్టు మాడిపోతోందని పొయ్యి దగ్గరికి వెళ్ళింది. పొయ్యి ఇంకా వెలిగించలేదు.

బుధవారం, సంతలో

రంగు: పచ్చన, ఒక్కచోట తప్ప. తడి: సరిపడా.

నిన్న ప్రెసిడెంటుగారు ఇంటికి వచ్చారు. అటూ ఇటూ మాట్లాడి, చివరికి తన బొమ్మ మళ్ళీ వెయ్యమని అత్తని అడిగారు. ఈసారి కళ్ళు తెరిచి ఉన్నట్టు, వీలైతే నిలబడి ఉన్నట్టు. బొమ్మ పోయాక తన సభలకి ఎవరూ రావడం లేదట. అత్త వెయ్యనంది. చెప్పి వేయించుకునే బొమ్మలు వాళ్ళ నాన్నతోనే పోయాయంది. ఆయన టీ తాగి, చిన్నబుచ్చుకుని వెళ్ళిపోయారు.

ఇవాళ పొద్దున్న సంత వీధిలో కొత్త బొమ్మ. పెండలం దుంపకి చీర కట్టినట్టు ఉంది. ముక్కు ఒక చెంప మీదికి జారింది. చేతిలో గరిటో చీపురో. ఎవరో తెలియక జనం ఒకసారి చూసి ముందుకు పోతున్నారు. కింద, దాలమ్మ అని పేరు కూడా రాసి ఉంది. ప్రెసిడెంటుగారు కూరల కొట్టు దగ్గర గోళ్ళు దాచుకుని నిలబడ్డారు.

అత్తని తీసుకొచ్చి చూపించాను. ఆవిడ దాన్ని కింద నుంచి పైదాకా చూసింది.

"ఇది కళేటి? గోడ పాడుసెయ్యడం. ఈడిని సెడ్డుకి పంపించీండి" అంది.

చట్టం ప్రకారం అది పూడేదాకా జనాన్ని రప్పించవలసింది ఆయన. ఎవరూ రారు. సంత మధ్యలో ఆ దుంప తన పేరుతో ఉండిపోవడం అత్తకి ప్రాణం మీదికి వచ్చింది. అందుకని ఆవిడే దాని ముందు పీట వేసుకుని కూచుని తిట్టడం మొదలెట్టింది. ముక్కుని ఒక గంట, చేతుల్ని ఒక గంట. గీసినవాడి తాతముత్తాతల చేతుల్ని కూడా వదల్లేదు. ఒకరొకరే పాత నేస్తాలు వచ్చి చేరారు. ఎవరి పీట వాళ్ళే తెచ్చుకున్నారు. ఆవిడ మొహంలో అంత కళ నేను కాపురానికి వచ్చిన కొత్తలో చూశాను, మళ్ళీ ఇవాళే.

శనివారం, నీళ్ళు కొట్టాక

రంగు: ఊరంతటిలో ఈ గోడే ఎక్కువ పచ్చన. తడి: సరిపడా.

అత్త తిట్లకి దుంప మొహం దాదాపు పూడిపోయింది. చేతులు పోయాయి, పేరు పోయింది. ముక్కు ఒక్కటి మిగిలింది, అదీ రేపటికి పోతుంది. అది పోతే ఆవిడ పీట తీసుకుని ఇంటికి వచ్చేస్తుంది.

ఆవిడ మంచినీళ్ళు తాగడానికి లేచినప్పుడు చుట్టూ చూశాను. ఎవరూ నా వైపు చూడడం లేదు. దువ్వెన వెనక్కి తిప్పి, వేరు తెగకుండా, ముక్కు మళ్ళీ గీకాను. ఇంకాస్త పెద్దదిగా గీకాను, పక్కన ఒక పులిపిరి కూడా పెట్టాను.

అత్త వచ్చింది, పీట మీద సర్దుకుని కూచుంది, తలెత్తి చూసింది. నేను గొట్టం భుజాన వేసుకుని అవతలి వీధికి నడిచాను. మలుపు తిరగకముందే వెనక తిట్లు మొదలయ్యాయి.